గంటమ్మ ఓడెక్కిన వైనం

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిచినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఆడపిల్లల హాస్టల్లో భోజనశాల చూసుకునే ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పిల్లలు ఆవిడకి గంటమ్మ అని పేరు పెట్టేశారు. వార్డెన్లు మారారు, వంటవాళ్ళు మారారు, గోడల రంగు మారింది, గంటమ్మ మాత్రం గంటమ్మగానే రిటైరయింది. ఆఖరికి వీడ్కోలు సభలో మైకు పట్టుకున్న పెద్దమనిషి కూడా "మన గంటమ్మగారు" అనేసి నాలిక కరుచుకున్నాడు. ఆవిడేం అనుకోలేదు. గంట అంటే ఆవిడకి గౌరవం.

భోజనశాల గుమ్మం పక్కన ఒక ఇనుప పట్టీ వేలాడుతుండేది. దాన్ని గరిటె కాడతో కొట్టేది. మొదటి గంటకి కూర్చోవాలి, రెండో గంటకి లేవాలి. ఆ రెండింటి మధ్య నోట్లోకి వెళ్ళిందే పిల్లది, కంచంలో మిగిలింది హాస్టల్ది. రెండో గంట కొట్టాక ఆవిడ బల్లల వరస వెంట నడుచుకుంటూ వచ్చి, ఇంకా నములుతున్న పిల్ల వెనకాల ఆగి, "అయిందా?" అనేది. కొత్తగా చేరిన పిల్లలు ఒకరిద్దరు, పాపం, ఆ మాటకి జవాబు చెప్పబోయేవాళ్ళు. జవాబు పూర్తయ్యేలోగా కంచం గాల్లో ఉండేది. వారం తిరక్కుండానే అందరికీ బోధపడేది, గంటమ్మ అడగడం లేదని, చెబుతోందని.

అలాగని ఆవిడ తిండి దొంగ కాదు. దొంగ అయినా బాగుండేది. దొంగయితే నోరారా తిట్టుకోవచ్చు, పైవాళ్ళకి చెప్పి ఉద్యోగం ఊడగొట్టించవచ్చు. ఈవిడ హాస్టల్ సరుకులో గింజ కూడా ఇంటికి పట్టుకెళ్ళలేదు. తను కూడా అందరి తర్వాత, పొయ్యి పక్కన నిలబడి, గబగబా నాలుగు ముద్దలు మింగి చెయ్యి కడిగేసుకునేది. మొగుడు పోయాక చంకలో పిల్లాడితో గిన్నెలు తోమే పనికి వచ్చిన మనిషి. తోముతూ తోముతూ పైకి వచ్చింది. పద్ధతి వల్లనే పైకొచ్చానని నమ్మింది. ఆకలేసిన పిల్ల త్వరగా తింటుంది, నెమ్మదిగా తింటోందంటే ఆకలి లేనట్టే. ఇదీ ఆవిడ పద్ధతి. ఇందులో తప్పేమిటో ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే రకం కాదు.

ఇక కోడలి సంగతి. కోడలు కూడా ఆ హాస్టల్లోనే చదువుకుంది. ఒకసారి జ్వరం వచ్చి గదిలో పడిపోయింది. గొంతులోకి మంచినీళ్ళు తప్ప ఏమీ దిగలేదు. జ్వరం తగ్గాక, గోడ పట్టుకుని మెట్లు దిగి భోజనశాలకి వచ్చేసరికి సగం బల్లలు ఖాళీ అయిపోయాయి. అన్నం పెట్టించుకుంది, కూర కలుపుకుంది, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. గంట మోగింది. రెండో ముద్ద కలుపుతుండగా వెనకనుంచి "అయిందా?" అని వినబడింది. పిల్ల కంచం అంచు గట్టిగా పట్టుకుంది. "ఇంకొక్క ముద్దండీ" అంది. గరిటె కాడ వేళ్ళ మీద పడింది. మరీ గట్టిగా కాదు, చెయ్యి వదిలేటంత. కంచం వెళ్ళి ఎంగిలి డబ్బాలో బోర్లా పడింది. గంటమ్మ ఆ పిల్ల మొహంకేసి కూడా చూడలేదు. ఆవిడ ఎప్పుడూ మొహాలు చూసిన మనిషి కాదు, కంచాలే చూసింది.

ఆ పిల్ల పెరిగి పెద్దదై, ఎవరూ దొరకనట్టు గంటమ్మ కొడుకునే చేసుకుంది. వాడు హాస్టల్ వెనక క్వార్టర్లో పెరిగినవాడు. ఎప్పుడూ నవ్వుతూ, పక్కవాళ్ళని నవ్విస్తూ ఉంటాడు. తల్లి పోలిక ఒక్కటంటే ఒక్కటీ లేదు. ఆ ధైర్యంతోనే చేసుకుంది. గంటమ్మ అడ్డు చెప్పకపోగా మురిసిపోయింది. "మా హాస్టల్ పిల్లేనా? అయితే ఇంకేం, తిండి దగ్గర పేచీ ఉండదు" అంది. ఎప్పుడు చదివావు, ఏ గదిలో ఉన్నావు అని మాటవరసకైనా అడగలేదు. కోడలూ చెప్పలేదు. మొగుడికీ చెప్పలేదు. చెబితే "మా అమ్మ అంతే, పద్ధతి మనిషి" అని నవ్వేస్తాడని భయం. ఆ ఒక్కటీ కూడా నవ్వులో కలిసిపోతే ఇక తన దగ్గర ఏం మిగులుతుంది?

రిటైరయ్యాక గంటమ్మ వచ్చి కొడుకింట్లోనే మకాం పెట్టింది. అప్పటినుంచి కోడలి మనసులో ఒకటే కోరిక. పెద్దదేం కాదు. ఆ మనిషి తన నోటితో, ఒక్కసారి, "ఇంకాస్త పెట్టు" అని అడగాలి. అడిగి, లేదనిపించుకోవాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు. కానీ ఇంట్లో అది జరిగే పని కాదు. గంటమ్మ ఇంట్లో కూడా నాలుగు ముద్దలు మింగి, లేచి, మిగతావాళ్ళ కంచాల వంక గుడ్లప్పగించి చూస్తూ నిలబడేది. అడిగే అవసరం ఆవిడకి ఏనాడూ రాలేదు.

అలాంటిది ఓడ ప్రయాణం వచ్చింది. కొడుకు నీళ్ళ మోటార్లు అమ్మే కంపెనీలో పని చేస్తాడు. అందరికన్నా ఎక్కువ అమ్మాడని కంపెనీవాళ్ళు కుటుంబంతో సహా ఓడలో తిరిగి రమ్మని పంపించారు. కాళ్ళు కూరుకుపోయే తివాచీల నడవలు, తెరవడానికి వీల్లేని గుండ్రటి కిటికీ ఉన్న గది, అద్దాల లిఫ్టు. గంటమ్మ అన్నీ చూసి, "తుడిచేవాళ్ళు సరిగ్గా తుడుస్తున్నారు" అని మెచ్చుకుంది.

తిండికి ఆ ఓడలో కొదవేమిటి? పై అంతస్తులో పొద్దుట్నుంచీ ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకు తినే హాలు ఒకటుంది. గంటమ్మ గుమ్మం దాకా వెళ్ళి, ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డ జనాన్ని చూసి గిర్రున వెనక్కి తిరిగింది.

"ఇన్నేళ్ళూ గరిటె పట్టుకుని ఇటువైపు నిలబడ్డదాన్నిరా. ఇప్పుడు కంచం పట్టుకుని అటువైపు నిలబడమంటావా? ఛీ!"

"అమ్మా, ఇక్కడ అందరూ అలాగే తింటారు. పెద్ద పెద్ద ఆఫీసర్లే నిలబడ్డారు చూడు."

"వాళ్ళు సిగ్గు లేక నిలబడ్డారు. నాకుంది."

కొడుకు తనే ఒక ప్లేటు నింపి గదికి తెస్తే, గదుల్లోకి తిండి తేవడమేమిటి, ఎలకలు పడతాయి అని తిప్పి పంపింది. నడిసముద్రంలో ఎలకలెక్కడివమ్మా అని వాడు నెత్తి కొట్టుకున్నాడు. టీ, బిస్కెట్లు ఆవిడ లెక్కలో తిండి కాదు కాబట్టి, పగలంతా గదికి వచ్చే టీ, రెండు బిస్కెట్లే ఆధారం. సాయంత్రం కింద అంతస్తులో పెద్ద డైనింగ్ హాలు. అక్కడైతే కుర్చీలో కూర్చుంటే మనుషులు తెచ్చి పెడతారు. అది ఆవిడకి నచ్చింది. వాళ్ళ బల్ల ఖాయం, వాళ్ళ వెయిటరూ ఖాయం. ఆ బల్ల దగ్గరే ఒక పళ్ళ డాక్టరూ, ఆయన భార్యా కూడా కూర్చునేవారు.

ఓడెక్కిన పూట హెడ్ వెయిటరు కొత్తవాళ్ళని పోగేసి భోజన మర్యాదలు చెప్పాడు. గంటమ్మ నిద్రపోతోంది, కొడుకు ఫొటోలు తీసుకుంటున్నాడు, కోడలు ఒక్కతే వెళ్ళి కూర్చుంది. నాప్కిన్ ఒళ్ళో వేసుకోవాలి. కత్తులూ ఫోర్కులూ ప్లేటుకి దూరంగా ఉన్నవాటితో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. బల్ల మీద అందరికీ వచ్చేదాకా ఆగాలి. మెనూలో ఒకటే చెప్పాలని లేదు, రెండు చెప్పినా మూడు చెప్పినా ఇస్తారు, మొహమాటపడక్కర్లేదు. తినడం మధ్యలో ఆగితే కత్తీ ఫోర్కూ ప్లేటులో ఎడంగా వదలాలి. రెండూ పక్కపక్కన చేర్చి పెడితే మాత్రం అయిపోయిందని అర్థం, వెయిటరు వచ్చి తీసేస్తాడు. అన్నీ నేర్చుకుని వచ్చింది.

మొదటి సాయంత్రం చేప వచ్చింది. గంటమ్మ ఎడంచేత్తో ఫోర్కూ కుడిచేత్తో చెంచా పట్టుకుని, ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నములుతున్నంతసేపూ ఆ రెండూ జెండాల్లా నిలువుగా పట్టుకుని కూర్చుంది. పళ్ళ డాక్టరు భార్య మూతి తుడుచుకునే వంకతో నవ్వు దాచుకుంది. గంటమ్మ కోడలి వైపు వంగింది.

"అమ్మాయ్, నోట్లో ముద్ద ఉండగా వీటినెక్కడ పెట్టాలే?"

"పక్కపక్కన చేర్చి ప్లేటులో పెట్టేయాలి అత్తయ్యా. ముద్ద ముద్దకీ. అది మర్యాద."

ఎందుకలా అందో తనకే తెలియదు అని చెప్పడం సులువు. కానీ తెలుసు. నోట్లోంచి మాట వస్తుండగానే తెలుసు.

గంటమ్మ ఫోర్కూ చెంచా జతగా, వంకర లేకుండా, చేర్చి పెట్టింది. ఆ వెయిటరు చురుకైనవాడు. తినడం అయిపోయిన ప్లేటు ఎవరి ముందైనా కనబడితే నామోషీ అనుకునే రకం. రెక్కలు కట్టుకున్నట్టు వచ్చి, ఆవిడ భుజం వెనకాల ఆగి, ఎంతో మెత్తగా అడిగాడు.

"అయిందా అమ్మగారూ?"

గంటమ్మ ఉలిక్కిపడింది. మరెవరైనా అయితే, లేదు నాయనా, ఇంకా తింటున్నాను అని ఉండేవారు. లోకంలో ఏ మనిషైనా ఆ మాటే అంటుంది. కానీ వెనకనుంచి వచ్చే ఆ మాట ఏమిటో గంటమ్మకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అది ప్రశ్న కాదు. దానికి జవాబు ఉండదు. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళోకి తీసేసుకుని తల ఊపింది. ప్లేటు వెళ్ళిపోయింది. దాని వెనక వచ్చిన కోడీ ఒక్క ముద్దతోనే వెళ్ళిపోయింది. తర్వాత వచ్చిన కేకూ అంతే.

కోడలు చూస్తూ కూర్చుంది. నిజం చెప్పాలంటే ఇంత దూరం వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. ఒకసారి తీస్తాడు, ఆవిడ అరుస్తుంది, అందరూ చూస్తారు, అంతే అనుకుంది. ఆవిడ అరవలేదు. పైగా గదికి వచ్చాక మెచ్చుకోలు మొదలుపెట్టింది.

"చూశావా అమ్మాయ్, పద్ధతంటే అదీ. మేమైతే గంట కొట్టేదాకా ఆగేవాళ్ళం. వీళ్ళకి గంట కూడా లేదు, ముద్ద మింగడం ఆలస్యం, తీసేస్తున్నారు. ఆ కుర్రాడి చెయ్యి చూశావా? ఒక్క చుక్క ఒలకలేదు."

"అవునత్తయ్యా."

"మరి మిగతావాళ్ళవి తీయడేం?"

కోడలు దుప్పటి తీసి దులిపింది. గంటమ్మే జవాబు వెతుక్కుంది.

"మొండివాళ్ళై ఉంటారు. ఫోర్కులు చిందరవందరగా పడేసి తింటున్నారు, చూశాగా. నా దగ్గరా ఉండేవాళ్ళు అలాంటివాళ్ళు, ఎంత చెప్పినా అంతే. నా కొడుకూ అదే మంద." అని నిట్టూర్చి, కడుపు మీద చెయ్యి వేసుకుని పడుకుంది. కాసేపటికి మళ్ళీ లేచి కూర్చుంది. "అందుకే కాబోలు మెనూలోవి ఎన్నయినా చెప్పుకోవచ్చన్నారట, నువ్వే చెప్పావుగా. ఒక్కోదానికి ఒక్కో ముద్ద. నాలుగైదు చెప్పుకుంటే నాలుగైదు ముద్దలు. నాకదే భోజనం. అంతేనా?"

"అంతే అత్తయ్యా," అంది కోడలు.

మర్నాటి సాయంత్రం గంటమ్మ మెనూ కార్డు కొడుకు చేత చదివించుకుని సూప్ రెండు రకాలు, చేప, కోడి, గొర్రెమాంసం, పుట్టగొడుగులు చెప్పింది. కొడుకు నోరెళ్ళబెట్టాడు. వెయిటరు మాత్రం చిరునవ్వుతో రాసుకున్నాడు. అవన్నీ బల్ల మీద బారులు తీరాయి. గంటమ్మ ఒకదాని తర్వాత ఒకటి ముందుకు జరుపుకుని, ఒక ముద్ద తిని, జత చేర్చి పెట్టింది. వెయిటరు వచ్చాడు, తీశాడు. ఒక ముద్ద, జత, వెయిటరు. పళ్ళ డాక్టరు దంపతులు తినడం మానేసి ఈ తంతు చూశారు.

"పళ్ళు బాగానే ఉన్నట్టున్నాయే, మరి తినరేం?" అన్నాడు డాక్టరు గొంతు తగ్గించి.

"చూసిందల్లా తెప్పించుకునే రకంలెండి. ఊరికే వస్తుంది కదా" అంది ఆయన భార్య, గొంతు తగ్గించకుండా.

గంటమ్మకి వినపడింది. మొహం ఎర్రబడింది. తిండి పారేసేవాళ్ళని జన్మలో క్షమించని మనిషిని పట్టుకుని ఆ మాటన్నారు. కొడుకు వైపు చూసింది, వాడు ప్లేటులోకి చూసుకుంటున్నాడు. కోడలి వైపు చూసింది. కోడలు నీళ్ళు తాగుతోంది.

వెయిటరు వంటవాళ్ళకి ఏం చెప్పాడోగానీ, మూడో సాయంత్రంనుంచి వంటశాలలో గంటమ్మంటే హడల్ మొదలైంది. రుచి చూసి మార్కులు వేసే మనిషెవరో మారువేషంలో వచ్చిందని అనుకున్నారట. దాంతో ఆవిడకొచ్చే ప్లేట్లు మరీ నాజూకుగా తయారయ్యాయి. ఇంత పెద్ద ప్లేటులో అంత చిన్న మాంసం ముక్క, దాని మీద ఒక ఆకు, పక్కన సాసుతో ఒక గీత. గంటమ్మకి ముద్ద కూడా అరముద్ద అయింది. పెద్ద చెఫ్ స్వయంగా వచ్చి, చేతులు కట్టుకుని, ఎలా ఉందమ్మగారూ అని అడిగాడు. "బాగుంది" అంది గంటమ్మ. ఆకలితో చచ్చిపోతున్నానని మర్యాదస్తులెవరైనా అంటారా?

ఆవిడ తగ్గిపోతోంది. కొన్నాళ్ళకి జాకెట్టు భుజాల మీద నిలవడం మానేసింది. నడవలో పక్క కడ్డీ పట్టుకుని నడుస్తోంది. ఓడ ఊగుతోందని చెబుతోందిగానీ సముద్రం అద్దంలా ఉంది. కొడుకు కంగారుపడి ఓడ డాక్టరుకి చూపిస్తే, ఆయన నాడి చూసి, బాగా తినమనండి అన్నాడు. "తింటూనే ఉందండీ, తినడమేంటి, బల్లంతా తెప్పించుకుంటోంది" అన్నాడు కొడుకు నవ్వి. డాక్టరు కూడా నవ్వాడు. గది బయట నిలబడి ఇదంతా విన్న కోడలికి సంతోషం కలిగింది. దాచడమెందుకు, సంతోషమే. కాళ్ళు వణికే ఆ మనిషిని చూస్తుంటే, గోడ పట్టుకుని మెట్లు దిగిన పిల్ల ఎవరో దగ్గరికొచ్చి నిలబడినట్టుండేది. ఇప్పుడైనా అడుగుతుంది అనుకునేది ప్రతి సాయంత్రమూ. గంటమ్మ అడగలేదు. జత చేర్చి పెట్టి, చేతులు ఒళ్ళోకి తీసుకునేది.

చివరికి హెడ్ వెయిటరే వచ్చాడు. బల్ల దగ్గర నిలబడి, నడుం వంచి, ఎంత మర్యాదగా చెప్పాడంటే, ఆ మర్యాదకి చెంపదెబ్బే నయం. "అమ్మగారికి ఏది కావాలన్నా ఇవ్వడం మాకు ఆనందం. కాకపోతే ఒకటి తిన్నాక ఇంకొకటి తెప్పించుకుంటే అన్నీ వేడివేడిగా ఉంటాయి కదా అని..." చుట్టుపక్కల బల్లలవాళ్ళు మెడలు తిప్పారు. అతను వెళ్ళిపోయాక నవ్వులరాయుడు కొడుకు మొహం మొదటిసారి మాడిపోయింది.

"ఏంటమ్మా ఇది? కంపెనీవాళ్ళు ఇంకో నలుగురు ఉన్నారు ఈ ఓడలో. నా పరువు తీస్తావా? అన్నీ చెప్పడం, అన్నీ వదిలేయడం. చిన్నప్పుడు ఒక్క మెతుకు పారేస్తే నా వీపు చీరేసేదానివి కదా!"

"నేను వదిలేస్తున్నానా? వాళ్ళే..."

"వాళ్ళే ఏంటి? రేపటినుంచి ఒకటే చెప్పు. అది పూర్తిగా తిను. ఏమంటావ్?" అని పెళ్ళాం వైపు తిరిగాడు.

"మీరన్నదే కరెక్ట్," అంది కోడలు. "అత్తయ్యకి ఒకటి చాలు."

ఆఖరి సాయంత్రం అందరూ మంచి బట్టల్లో వచ్చారు. వెయిటర్లు తెల్ల చేతితొడుగులు వేసుకున్నారు. గంటమ్మ ఒకే ఒకటి చెప్పింది, కోడి, బంగాళాదుంపలు. వచ్చేదాకా వంటశాల తలుపు వైపునుంచి కళ్ళు తిప్పలేదు. వచ్చింది. తన వంతుకి పెద్ద ముక్కే వచ్చింది. ఆవిడ కొంచెం తుంచి, నోట్లో పెట్టుకుని, అలవాటైన చెయ్యి ఆపేలోగా ఫోర్కూ చెంచా చేర్చి పెట్టింది. "అయిందా అమ్మగారూ?" గంటమ్మ చేతులు ఒళ్ళోకి వెళ్ళిపోయాయి. కోడి వెళ్ళిపోయింది.

కొడుకు అప్పటికే తన ప్లేటు ఊడ్చేసి, పళ్ళ డాక్టరు దంపతులతో మెట్ల దగ్గర ఫొటో దిగడానికి వెళ్ళాడు. బల్ల దగ్గర అత్తా కోడలూ మిగిలారు. కోడలి ప్లేటులో సగానికి పైగా ఉంది. ఆమె నెమ్మదిగా తింటోంది, ఒక్కో ముక్కా నమిలి నమిలి. ఫోర్కు పైకి లేచినప్పుడల్లా గంటమ్మ కళ్ళు దాంతోపాటు లేచి, దాంతోపాటు దిగుతున్నాయి.

"అమ్మాయ్."

"ఏంటత్తయ్యా?"

"అదంతా నువ్వే తింటావా?"

"ఏం?"

"మిగిలేటట్టయితే..." గంటమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇంకాస్త... ఇలా పెట్టవే. ఆకలేస్తోంది."

ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట వచ్చింది. కోడలు కత్తీ ఫోర్కూ ప్లేటులో పక్కపక్కన చేర్చి పెట్టింది. వెయిటరు వచ్చాడు. "అయిందా అమ్మా?" "అయింది," అంది కోడలు, అత్తగారి కళ్ళలోకి చూస్తూనే. సగం భోజనం ఆవిడ ముక్కు ముందునుంచి వెళ్ళిపోయింది.

గంటమ్మ ఆ ప్లేటు వెళ్ళినంత మేరా చూసింది. అరుస్తుందనుకుంది కోడలు. ఆవిడకి అరవాలని తట్టలేదు. తిరిగి చూసిన ఆవిడ మొహంలో జాలి ఉంది.

"అయ్యో, నీదీ తీసేశాడే. సగం కూడా తిననివ్వలేదు."

కోడలు ఒళ్ళోని నాప్కిన్ తీసి మడతపెట్టింది.

"నోటిదాకా వచ్చింది తీసేస్తే ఇంత బాధగా ఉంటుందనుకోలేదే అమ్మాయ్," అంది గంటమ్మ. చేత్తో బల్లగుడ్డ సవరిస్తోంది. "రోజూ పడుకున్నాక ఒకటే ఆలోచన. మా పిల్లలకి కూడా ఇలాగే ఉండేదేమో అని. నేను మంచికే అనుకున్నాను. త్వరగా తినడం అలవాటైతే బతుకులో పనికొస్తుందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే..." ఆవిడ కళ్ళెత్తి కోడలి మొహంలోకి చూసింది. బహుశా మొదటిసారి. "నువ్వు మా హాస్టల్ పిల్లవే కదూ? నీ కంచం ఎప్పుడైనా తీశానా?"

అడిగింది. ఏం చెబుతుందోనని ఆవిడ బల్ల మీదకి వంగింది. తీశారు అని ఒక్క మాట అంటే చాలు, ఆ మనిషి ఏడుస్తుంది, చెయ్యి పట్టుకుంటుంది, తప్పయిపోయిందమ్మా అంటుంది. కోడలికి అది స్పష్టంగా కనబడింది. ఆ తర్వాత జరిగేదీ కనబడింది. ఆవిడ గుండె బరువు దిగిపోతుంది. ఫోర్కు సంగతి తను చెప్పక తప్పదు. మొగుడొస్తాడు, ఇద్దరి కళ్ళూ తుడుస్తాడు, గంటమ్మకి మళ్ళీ కోడి తెప్పిస్తాడు. అత్తగారు కడుపు నిండా తిని, మనసు తేలికపడి, హాయిగా నిద్రపోతుంది. అంత సులువుగానా? క్షమాపణ అడగడానికి వచ్చిన మనిషి మొహం మీద తలుపు వేయాలి. అదీ శిక్ష.

"లేదత్తయ్యా," అంది కోడలు. "నా కంచం మీరెప్పుడూ తీయలేదు."

ఎంత బాగా తగిలిందో అనుకుంది. ఒక్క క్షణం అనుకుంది.

గంటమ్మ గుండెలనిండా గాలి పీల్చుకుని వదిలింది. వంగిపోయిన వీపు నిటారైంది. హాస్టల్ గుమ్మంలో గరిటె పట్టుకు నిలబడ్డప్పటి మొహం మెల్లగా వెనక్కి వచ్చి కూర్చుంది.

"అనుకున్నాను. నేను అలాంటిదాన్ని కాదని నాకు తెలుసు. వేళకొచ్చి బుద్ధిగా తినే పిల్లల జోలికి నేనెప్పుడూ పోలేదు. తీస్తే గీస్తే వేళాపాళా లేకుండా వచ్చే బద్ధకస్తులవి తీసుంటాను. వాళ్ళకి ఆకలెక్కడిది? ఆకలుంటే గంటకి ముందే వచ్చేవాళ్ళుగా! అనవసరంగా ఇన్ని రోజులూ మనసు పాడుచేసుకున్నాను."

"అత్తయ్యా, అది కాదు..."

"నువ్వు చెప్పాక ఇక నాకు బెంగ లేదమ్మా. అక్కడ తిన్నదానివి నువ్వు. నీకన్నా ఎవరికి తెలుసు?"

కొడుకు, పళ్ళ డాక్టరు దంపతులు ఫొటోలు పట్టుకుని తిరిగొచ్చి కూర్చున్నారు. వెయిటరు అందరికీ పుడింగ్ పెట్టాడు. గంటమ్మ ఒక చెంచా తింది, ఫోర్కూ చెంచా చేర్చి పెట్టింది, వెయిటరు అడిగేలోగా "తీసెయ్ బాబూ" అని తనే ప్లేటు ముందుకు జరిపింది. తర్వాత బల్లంతటికీ వినపడేలా చెప్పింది.

"ఒరేయ్, మీ ఆవిడే చెప్పింది విను. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ నేను తన కంచం ఒక్కసారి కూడా తీయలేదట. నన్ను రాక్షసి అనేవాళ్ళందరికీ ఇక ఇదే జవాబు. కావాలంటే మా కోడల్ని అడగండి అంటాను."

"అలా చెప్పు! మా అమ్మ గురించి జనం ఎన్నెన్ని కథలు చెప్పేవాళ్ళు!" కొడుకు మొహం విచ్చుకుంది. తల్లి భుజం మీద చెయ్యి వేసి, పెళ్ళాం వైపు తిరిగాడు. "నిజమేనా?"

పళ్ళ డాక్టరు చెంచా ఆపి చూస్తున్నాడు. ఆయన భార్య చూస్తోంది. గంటమ్మ గర్వంగా, ఆకలితో పీక్కుపోయిన మొహంతో, కోడలి జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"నిజమే," అంది కోడలు.